విలాస పన్ను: బాస్కెట్‌బాల్ జట్టు యజమాని సంసిద్ధత

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వృత్తి బాస్కెట్‌బాల్ క్రీడను నిర్వహించు నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్, అనగా ఎన్.బి.ఏ., నందు ఏ జట్టు వేతనముల మొత్తమైనను ఏటేట నిర్ణయింపబడు ఒక రేఖను దాటినచో, దాటిన ధనముపై ఆ జట్టు యజమాని లీగునకు చెల్లింపవలసిన సొమ్మునకు విలాస పన్ను అని పేరు. లగ్జరీ టాక్స్ అను మాటగానే ఇది క్రీడాభిమానులకు పరిచితము. పన్ను అను పేరున్నను దీనిని విధించునది ప్రభుత్వము కాదు. యజమానులును క్రీడాకారుల సంఘమును కూర్చుండి వ్రాసికొనిన సామూహిక ఒప్పందమే దీనికి మూలము. రేఖ ముప్పది జట్లకును ఒక్కటే. దానిని దాటుటకు వెనుదీయని యజమానిని అభిమానులు ఉదారుడని కీర్తింతురు, దాటనివానిని లోభియని దూషింతురు. పన్ను వసూళ్ల చరిత్రను వరుసగా చదివినచో ఈ రెండు మాటలును తొందరపాటు తీర్పులే అని తోచును. ఏలయన ఒకే యజమాని ఒక సంవత్సరము పిసినారిగను, మరియొక సంవత్సరము దాతగను కనబడిన సందర్భములు ఇందు పెక్కులు కలవు.

పన్నుకు ముందు పుట్టినది వేతన పరిమితి. 1984-85లో అది అమలులోనికి వచ్చునప్పటికి జట్టు ఒక్కింటికి 36 లక్షల డాలర్లుగా ఉండెను. అయితే అది దాటరాని గోడ కాదు. జట్టు తన సొంత క్రీడాకారుని నిలుపుకొనుటకై పరిమితిని మించి వేతన మీయవచ్చునను సడలింపు మొదటి నుండియు కలదు; బోస్టన్ జట్టులోని మహాక్రీడాకారుడైన లారీ బర్డ్ పేరిట దానిని బర్డ్ మినహాయింపు అందురు. ఈ సడలింపు ఎంత దూరము పోగలదో 1997-98లో లోకమునకు తెలిసినది. ఆ సంవత్సరము వేతన పరిమితి 2 కోట్ల 69 లక్షల డాలర్లు కాగా, షికాగో జట్టులో మైకేల్ జోర్డన్ ఒక్కడే 3 కోట్ల 31 లక్షలు గ్రహించెను. ఒక జట్టు మొత్తమునకు ఉద్దేశింపబడిన పరిమితి ఒక్క మనిషి జీతమునకు చాలలేదు. ఇంతలో 1997లో మిన్నెసోటా జట్టు ఇరువదియొక్క యేండ్ల కెవిన్ గార్నెట్‌తో ఆరు సంవత్సరములకు 12 కోట్ల 60 లక్షల ఒప్పందము కుదుర్చుకొనుటతో, చిన్న నగరముల యజమానులు తమ కొంప మునిగినదని మొరపెట్టుకొనిరి. 1998లో యజమానులు లాకౌటు ప్రకటించిరి. 1999 జనవరిలో రాజీ కుదురునప్పటికి ఆటల కాలము సగమునకు దగ్గరగా గడచిపోయెను, ఒక్కొక్క జట్టు 50 ఆటలు మాత్రమే ఆడగలిగెను. ఆ రాజీపత్రములో క్రీడాకారుని గరిష్ఠ వేతనముతో పాటు విలాస పన్నును చోటు చేసికొనెను. బేస్‌బాల్ క్రీడలో 1997 నుండియే ఇట్టి పన్ను ఉండుట దీనికి మార్గదర్శకమైనది.

ఈ పన్ను మొట్టమొదట వసూలైనది 2002-03లో. నాడు రేఖ 5 కోట్ల 29 లక్షల డాలర్లు. దాటిన ప్రతి డాలరునకు ఒక డాలరు పన్ను. రేఖను దాటనివారికి వచ్చు లాభము కూడ చెప్పవలసియున్నది. వసూలైన సొమ్ములో కొంత భాగము, ఇటీవలి పద్ధతిలో సగము వరకు, పన్ను కట్టని జట్లకు సమానముగా పంచబడును. కొన్ని సంవత్సరములలో ఈ వాటా ఒక్కొక్క జట్టునకు కోటి డాలర్లను మించినది. కావున రేఖకు ఒక్క డాలరు ఆవల నిలిచిన యజమాని పన్ను కట్టుటయే గాక, పొరుగువారి పన్నులో తనకు రాదగిన వాటాను కూడ కోల్పోవును. పైగా లెక్క తీయునది సాధారణ పోటీల చివరి దినమున జట్టులో మిగిలియున్న వేతనములను బట్టి. అందుచేత రేఖకు అంచున నిలిచిన జట్లు ఫిబ్రవరి నాటి మార్పిడి గడువుకు ముందు, ఆటలో కొరగాని ఒకరిద్దరిని, వారితోబాటు కొంత నగదునో, డ్రాఫ్టు అను వార్షిక ఎంపికలో కొత్త క్రీడాకారుని ఎన్నుకొను ఒక హక్కునో జోడించి, ఎవరికైనను అంటగట్టి బయటపడుట పరిపాటి యైనది. అట్టివేళ ఆటకంటె ఖాతాపుస్తకమే ప్రధానమగుట చూచువారికి స్పష్టముగనే తెలియును.

తొలి వసూలులో అగ్రాసనము పోర్ట్‌లండ్ యజమాని పాల్ ఆలెన్‌ది. మైక్రోసాఫ్ట్ సంస్థ స్థాపకులలో ఒకడైన ఇతడు 1988లో 7 కోట్ల డాలర్లకు ఆ జట్టును కొనెను. 2002-03లో ఇతడు చెల్లించిన పన్ను సుమారు 5 కోట్ల 20 లక్షలు. అనగా ఇంచుమించు మరియొక జట్టును పోషింపదగిన ధనము. ఫలమేమన, విజేతను తేల్చు తుదివిడత పోటీలైన ప్లేఆఫ్స్ మొదటి మెట్టులోనే ఏడు ఆటల పోరాటము పిదప డాలస్ చేతిలో ఓటమి. మరుసటి సంవత్సరమే, 2004లో, పోర్ట్‌లండ్‌లోని క్రీడామందిరమును నిర్వహించు ఇతని సంస్థ దివాలా పత్రము దాఖలు చేసెను. కుబేరులలో లెక్కింపదగిన ఆలెన్‌కు అప్పు తీర్చు శక్తి లేక కాదు, ఆ అప్పు షరతులపై ఇక నష్టమును భరింపనని నిశ్చయించుకొనుట వలననే అది జరిగినది. సంపద వేరు, సంసిద్ధత వేరు అనుటకు తొలి దాతయే తొలి సాక్షి.

న్యూయార్క్ నిక్స్ కథ ఇంతకంటె శోచనీయము. జేమ్స్ డోలన్ అధికారములో, ఐజయా థామస్ నిర్వహణలో, ఆ జట్టు 2005-06లో లీగులో అందరికంటె పెద్ద వేతనపట్టికను మోయుచు, దానిపై సుమారు 3 కోట్ల 70 లక్షల పన్ను కట్టి, 82 ఆటలలో 23 మాత్రమే గెలిచెను. మహానగరపు ఆదాయము, క్రీడామందిరపు కీర్తి, తరగని టెలివిజన్ ధనము గల యజమానికి ఈ పన్ను నొప్పి తెలియనంత చిన్నది. నొప్పి తెలియని చోట వివేకము కూడ మందగించునేమో. నాటి డాలస్ యజమాని మార్క్ క్యూబన్ వేరు తీరువాడు. 2000 జనవరిలో 28 కోట్ల 50 లక్షలకు జట్టును చేజిక్కించుకొని, డర్క్ నొవిట్స్కీ చుట్టును ఏడాది తరువాత ఏడాది బలగమును కూర్చి, పన్నును ఒక వార్షిక వ్యయముగనే భావించి, 2011 జూన్‌లో విజేతృత్వమును సాధించెను. కాని అదే సంవత్సరము డిసెంబరులో పన్నును పెంచు కొత్త నియమములు వెలువడినంతనే, విజయమునకు మూలస్తంభమైన టైసన్ చాండ్లర్‌ను న్యూయార్క్‌కు పోనిచ్చెను. విజేతలు తమ బిరుదమును నిలుపుకొనుటకు ప్రయత్నమైనను చేయకుండుట డాలస్ అభిమానులు నేటికిని మరువని సంగతి. క్యూబన్ మనస్సు మారలేదు, లెక్క మారినది.

రేఖను లక్ష్మణరేఖగా భావించిన యజమానులు కూడ ఉన్నారు. షికాగో యజమాని జెర్రీ రైన్స్‌డార్ఫ్ దేశములోని మహానగరములలో ఒకదానియందు జట్టును నడుపుచు, జోర్డన్‌కు ఒకప్పుడు అంత వేతన మిచ్చినవాడై యుండియు, పన్ను కట్టినది 2012-13లో ఒక్కసారి మాత్రమే, అదియు నలుబది లక్షల డాలర్ల లోపు. ఫీనిక్స్‌లో రాబర్ట్ సార్వర్ 2004లో 40 కోట్ల పైచిలుకునకు జట్టును కొనునప్పటికి స్టీవ్ నాష్ ఆ జట్టులో అడుగిడుచుండెను. 2005లోను 2006లోను అత్యుత్తమ క్రీడాకారుడుగా నాష్ ఎన్నికైన ఆ బంగారు కాలములోనే జో జాన్సన్ అట్లాంటాకు తరలిపోయెను, డ్రాఫ్టు హక్కులు నగదునకు మారెను, 2007లో కర్ట్ థామస్ వేతనమును వదలించుకొనుటకై సియాటిల్‌కు రెండు ప్రథమశ్రేణి డ్రాఫ్టు హక్కులను కానుకగా చదివింపవలసి వచ్చెను. ఆ జట్టు చూడ ముచ్చటైన ఆట ఆడినది గాని తుదిపోటీకి చేరలేదు. పన్ను తప్పించుకొనుటకు కూడ మూల్యము చెల్లింపక తప్పదనియు, ఆ మూల్యము నగదు రూపములో గాక భవిష్యత్తు రూపములో తీసికొనబడుననియు ఫీనిక్స్ ఉదాహరణము తెలుపుచున్నది.

2011లో మరల లాకౌటు. 161 దినముల తరువాత కుదిరిన ఒప్పందము పన్ను స్వరూపమునే మార్చివేసెను. ఒక జట్టు రేఖను 2 కోట్ల డాలర్లు దాటినదనుకొందము. పాత లెక్కలో పన్ను కూడ 2 కోట్లే. 2013-14 నుండి అమలైన మెట్ల పద్ధతిలో మొదటి 50 లక్షలపై డాలరునకు ఒకటిన్నర, తరువాతి 50 లక్షలపై ఒకటీ ముప్పావు, ఆ పై 50 లక్షలపై రెండున్నర, ఇంకను పై 50 లక్షలపై మూడుంబావు చొప్పున మొత్తము 4 కోట్ల 50 లక్షలయ్యెను. అంతకు మించి పోయినకొలది రేటు పెరుగుచునే యుండును. గడచిన నాలుగేండ్లలో మూడేండ్లు పన్ను కట్టిన జట్టు ‘పునరావృత్త’ పన్ను పాలగును. దానికి నాడు ప్రతి డాలరుపై మరియొక డాలరు అదనము, కావున అదే 2 కోట్లకు 6 కోట్ల 50 లక్షలు. ఈ నిబంధనను రచించినవారి ఉద్దేశము దాపరికము లేనిది. ధనవంతుని ఒక సంవత్సరపు ఉత్సాహమును లీగు సహింపగలదు, అలవాటును మాత్రము సహింపదు.

ఆ ఉత్సాహమునకు పరాకాష్ఠ బ్రూక్లిన్‌లో కనబడెను. రష్యా కోటీశ్వరుడు మిఖాయిల్ ప్రొహొరొవ్, న్యూజెర్సీ నుండి కొత్త మందిరమునకు తరలివచ్చిన తన నెట్స్ జట్టును ఎట్లైనను త్వరలో విజేతను గావింపవలెనని, 2013లో బోస్టన్ నుండి కెవిన్ గార్నెట్, పాల్ పియర్స్ అను ఇద్దరు వృద్ధవీరులను తెప్పించెను. కొత్త పద్ధతి అమలైన ఆ మొదటి సంవత్సరమే అతడు చెల్లించిన పన్ను 9 కోట్ల డాలర్లు దాటెను. జట్టు 44 ఆటలు గెలిచి, రెండవ మెట్టులో మయామీ చేతిలో ఓడెను. ఆ సంవత్సరము విజేత యైన శాన్ అంటోనియో పైసా పన్ను కట్టలేదు. అంతటితో పోయినచో ఇది ధననష్టము మాత్రమే యగును. కాని ఆ ఇద్దరికి బదులుగా బోస్టన్‌కు ధారపోసిన డ్రాఫ్టు హక్కుల నుండి జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ ఉద్భవించిరి. పదేండ్ల తరువాతి బోస్టన్ విజయమునకు విత్తు బ్రూక్లిన్ పన్నుతోనే చల్లబడినదనుట అతిశయోక్తి కానేరదు.

ఇందుకు పూర్తిగ ఎదురైన గాథ ఓక్లహోమా సిటీది. 2012లో తుదిపోటీకి చేరిన ఆ జట్టులో కెవిన్ డ్యూరంట్, రసెల్ వెస్ట్‌బ్రూక్, జేమ్స్ హార్డెన్ ముగ్గురును ఇరువది నాలుగేండ్లు నిండనివారు. ముగ్గురకును తగిన వేతన మిచ్చినచో రానున్న మెట్ల పన్ను తప్పదు. క్లే బెన్నెట్ నాయకత్వమున ఉన్న యజమానులు హార్డెన్‌కు ఒక హద్దు వరకు ఇవ్వజూపిరి, అతడు అంగీకరింపలేదు, అక్టోబరులో హ్యూస్టన్‌కు మార్పిడి జరిగెను. అచ్చట అతడు అయిదేండ్లకు 8 కోట్ల డాలర్ల ఒప్పందమును పొంది, 2018లో లీగు అత్యుత్తమ క్రీడాకారుడయ్యెను. కొన్ని లక్షల డాలర్ల తేడాకై ఒక సామ్రాజ్యమును వదలుకొనిరని నేటికిని ఓక్లహోమా యజమానులను నిందించువారున్నారు. వింత యేమన, అదే యజమానులు 2018-19లో, డ్యూరంట్ కూడ వెడలిపోయిన తరువాత, 6 కోట్ల డాలర్లకు పైగా పన్ను చెల్లించి మొదటి మెట్టులోనే పరాజితులైరి. కట్టవలసినప్పుడు వెనుదీసి, కట్టనక్కరలేనప్పుడు కట్టిన ఈ ఉదంతమును లోభముచేత గాని ఔదార్యముచేత గాని వివరింపజాలము. చిన్న నగరపు యజమాని రేపటి బలమును నమ్మి ధనము పెట్టుట కంటె, నేడు చేతనున్న నక్షత్రమును పోగొట్టుకొందునను భయముచేత ధనము పెట్టుట సులభమని మాత్రము ఊహింపవచ్చును.

సంసిద్ధతను ఒక పద్ధతిగా రూపొందించినవాడు గోల్డెన్ స్టేట్ యజమాని జో లేకబ్. ఇతడును పీటర్ గూబర్‌ను 2010లో 45 కోట్ల డాలర్లకు జట్టును కొనిరి. ఆనాటికి అది లీగులో అత్యధిక మూల్యము. స్టెఫెన్ కరీ, క్లే థాంప్సన్, డ్రేమండ్ గ్రీన్ మువ్వురును డ్రాఫ్టులో లభించినవారే. వారు ఎదిగినకొలది వేతనములు ఎదిగెను, వేతనములతో పన్ను ఎదిగెను, పునరావృత్త నిబంధన దానిని మరింత ఉబ్బించెను. 2021-22లో ఆ జట్టు వేతనములు సుమారు 17 కోట్ల 60 లక్షలు, వానిపై పన్ను సుమారు 17 కోట్లు. అనగా ప్రతి జీతమును రెండుమార్లు చెల్లించినట్లు. ఆ యేడు జట్టు విజేతయైనది. విజయోత్సవము ముగిసిన కొద్ది దినములకే లేకబ్ ఒక సంభాషణలో ఈ పన్ను మిక్కిలి అన్యాయమనియు, తాము పెంచుకొన్న క్రీడాకారులకు ఇచ్చు వేతనముపై కూడ విధించుట తగదనియు పలికినందుకు లీగు 5 లక్షల డాలర్ల జరిమానా విధించెను. పదిహేడు కోట్లు మారుమాటాడక కట్టినవాడు, మాటాడినందుకు ఇంకొక అయిదు లక్షలు కట్టవలసి వచ్చుట కొంత నవ్వు పుట్టించు విషయమే.

అయితే లేకబ్ వ్యయమును త్యాగముగా చిత్రించుట పొరపాటు. 2019లో అతడు శాన్‌ఫ్రాన్సిస్కోలో సొంత ధనముతో చేజ్ సెంటర్ అను మందిరమును నిర్మించెను. ప్లేఆఫ్స్‌లో ప్రతి ఆట ఆ మందిరమునకు ఆదాయము. ప్రతి విజయము జట్టు విలువకు వృద్ధి. ఫోర్బ్స్ పత్రిక 2022లో ఆ జట్టును 700 కోట్ల డాలర్లుగా మదింపు వేసెను. పన్నెండేండ్లలో 45 కోట్లు 700 కోట్లైన చోట 17 కోట్ల పన్ను పెట్టుబడిలో ఒక చిన్న పద్దు. ఈ లెక్కకు కూడ ఒక హద్దు కలదని మాత్రము 2023-24 తెలిపెను: ఆ సంవత్సరము కూడ 17 కోట్లు మించిన పన్ను కట్టి, పశ్చిమ విభాగములో పదవ స్థానమున నిలిచి, శాక్రమెంటో చేతిలో ఒక్క ఆటతో ఇంటిదారి పట్టినది. గెలిచిన ఆ జట్టునకు యజమాని ముంబయిలో జన్మించిన వివేక్ రణదివె. అతడు పూర్వము లేకబ్ జట్టులోనే వాటాదారుడు.

సంపద విషయమున లేకబ్‌ను మించినవాడు లాస్ ఏంజిలిస్ క్లిపర్స్ యజమాని స్టీవ్ బాల్మర్. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ప్రధానాధికారి పదవిని స్వీకరించుటతో ఆ పీఠమును విడిచిన బాల్మర్, అదే సంవత్సరము 200 కోట్ల డాలర్లకు క్లిపర్స్‌ను కొనెను. 2022-23లో సుమారు 14 కోట్ల పన్ను చెల్లించి మొదటి మెట్టులో ఓడెను. ఇంతవరకు తుదిపోటీ ముఖము చూడలేదు. 2019లో పాల్ జార్జ్‌ను తెచ్చుకొనుటకై ఇతని జట్టు ఓక్లహోమా సిటీకి షే గిల్జస్ అలెగ్జాండర్ అను యువకుని, వానితో అయిదు ప్రథమశ్రేణి డ్రాఫ్టు హక్కులను ఇచ్చివేసెను.

బాల్మర్, లేకబ్ వంటి వారి ఎదుట ధనదండనము పనిచేయదని మిగిలిన యజమానులు గ్రహించుటయే 2023 ఒప్పందమునకు ప్రేరణ. దానిలో పన్ను రేఖకు ఎగువన మొదటి ఏప్రన్, రెండవ ఏప్రన్ అను రెండు హద్దులు నిలిచినవి. రెండవ హద్దు దాటిన జట్టు మార్పిడిలో ఇద్దరు క్రీడాకారుల వేతనములను జోడించి ఒక పెద్ద వేతనమును తెచ్చుకొనరాదు, నగదు పంపరాదు, బయటి క్రీడాకారులకై ఉన్న మధ్యస్థ వేతన మినహాయింపును వాడరాదు. ఏడేండ్ల తరువాతి ప్రథమశ్రేణి డ్రాఫ్టు హక్కు స్తంభింపజేయబడును. ధనముతో కొనదగిన అపరాధము అంతటితో ధనముతో కొనరాని అపరాధమైనది. 2025-26లో వేతన పరిమితి 15 కోట్ల 46 లక్షలు, పన్ను రేఖ 18 కోట్ల 79 లక్షలు, రెండవ హద్దు 20 కోట్ల 78 లక్షలు; ఈ చివరి రెంటి నడుమ దూరము రెండు కోట్లైనను లేదు. పునరావృత్త రేటు మొదటి మెట్టులోనే డాలరునకు మూడు డాలర్లు.

కొత్త చట్టము లక్ష్యమును తాకినదనుటకు బాల్మరే నిదర్శనము: 2024లో అదే పాల్ జార్జ్‌ను ఏ ప్రతిఫలము లేకయే ఫిలడెల్ఫియాకు పోనిచ్చెను. చట్టమును లెక్కచేయనివాడు ఫీనిక్స్ నూతన యజమాని మ్యాట్ ఇష్బియా. సార్వర్ నుండి 2023లో జట్టు చేతికి వచ్చినంతనే డ్యూరంట్‌ను, కొలది నెలలకు బ్రాడ్లీ బీల్‌ను తెచ్చి, 2024-25లో సుమారు 15 కోట్ల పన్ను కట్టి, 36 విజయములతో ప్లేఆఫ్స్ వాకిటికి కూడ చేరలేక, మరుసటి వేసవిలో ఇద్దరిని వదలుకొనెను. ఒకే నగరము ఇరువదేండ్లలో అత్యంత పొదుపరిని, అత్యంత దుబారాదారుని చూచినది. బిరుదము ఇద్దరి వలనను రాలేదు. బోస్టన్‌లో మరియొక తీరు. 2002లో 36 కోట్లకు కొన్న గ్రౌస్‌బెక్ వర్గము 2024 జూన్‌లో విజేతృత్వము పొంది, రెండు వారములకే జట్టును అమ్మకమునకు పెట్టెను. వేతనములును పన్నును కలిసి 2025-26లో 50 కోట్లు దాటునని లెక్కలు తేలిన జట్టును బిల్ చిసమ్ 610 కోట్ల మదింపున కొనెను. బేరము పూర్తి కాకముందే జ్రూ హాలిడే, క్రిస్టాప్స్ పోర్జింగిస్ ఇద్దరును ఇతర జట్లకు తరలింపబడిరి.

2025లో విజేత యైనది పన్ను రేఖకు దిగువన నిలిచిన ఓక్లహోమా సిటీ. క్లిపర్స్ నుండి వచ్చిన గిల్జస్ అలెగ్జాండర్ ఆ యేటి అత్యుత్తమ క్రీడాకారుడు. అదే మార్పిడిలో వచ్చిన హక్కుతో 2022లో ఎన్నుకొనబడిన జేలెన్ విలియమ్స్ అతనికి కుడిభుజము. విజయము తరువాతి జూలైలో గిల్జస్ అలెగ్జాండర్‌తో నాలుగేండ్లకు 28 కోట్ల 50 లక్షల ఒప్పందము కుదిరెను. విలియమ్స్, సహచరుడు చెట్ హోంగ్రెన్ ఇద్దరికిని గరిష్ఠ వేతనములు లభించెను. ఆ ఇద్దరి కొత్త వేతనములు 2026-27 నుండియు, గిల్జస్ అలెగ్జాండర్‌ది ఆ మరుసటి సంవత్సరము నుండియు లెక్కలోనికి వచ్చును. ముగ్గురు యువకులు, ఒక చిన్న నగరము, హార్డెన్ నాటి యజమానియే యైన బెన్నెట్. ఈ మారు మువ్వురి ఒప్పందములును ముందుగనే సంతకములు పూర్తిచేసికొనియున్నవి.